క్యాన్యులా ఫ్లష్ చేసేటప్పుడు గట్టిగా తగిలితే ఎంతవరకు తోయొచ్చు? జనరల్ వార్డు సిస్టర్స్ చెప్పండి

కొత్త_స్టాఫ్_కర్నూలు

అందరికీ నమస్తే. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు అయిపోయి కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. మెడికల్ వార్డు. పగలు ఇద్దరం ఉంటాం, రాత్రి ఒక్కదాన్నే.

నా టెన్షన్ ఇది. పొద్దున యాంటీబయాటిక్ ఇచ్చి వదిలేసిన లైన్‌ను (చేతి నరంలో పెట్టిన క్యాన్యులా అనే సన్న గొట్టాన్ని) మళ్లీ రాత్రి డోసుకే ముట్టుకుంటాం. అప్పటికి కొన్ని గట్టిగా బిగుసుకుని ఉంటాయి. ఫ్లష్ చేద్దామని సిరంజితో సెలైన్ తోస్తే పోదు. మా సీనియర్ అక్క "2 ఎంఎల్ సిరంజి తీసుకుని ఒక్క దెబ్బ కొట్టు, తెరుచుకుంటుంది" అంటుంది. ఆమె చేస్తే నిజంగానే తెరుచుకుంటుంది కూడా. కానీ పేషెంటు "మంటెత్తాంది సిస్టర్" అని చెయ్యి లాక్కుంటాడు. లోపల అడ్డం పడిన గడ్డ ఎక్కడికి పోయినట్టు? నేనైతే అలా చేయలేక, డ్యూటీ డాక్టర్‌ను పిలిచి మాటలు పడుతున్నాను.

ఇంకొకటి. ఫ్లష్ కోసం ట్రాలీ మీద ఒక 100 ఎంఎల్ ఎన్ఎస్ (నార్మల్ సెలైన్) బాటిల్ ఉంటుంది. దాని మూతకు సూది గుచ్చే ఉంటుంది. షిఫ్ట్ అంతా అందరికీ అందులోంచే లాగుతాం. ఇది సరేనా?

కేస్ షీటులో మందు పేరు మాత్రమే రాస్తారు, ఫ్లష్ ఎవరూ రాయరు. రేపు ఏదైనా అయితే నామీదికే వస్తుందేమో అని భయం.

గ్రీన్18

అనంతపురం నుంచి, ఐసీయూ. చెల్లీ, నువ్వు డాక్టర్‌ను పిలిచి మాటలు పడటమే సరైన పని. అది మానుకోకు.

ముందు సిరంజి సంగతి. బొటనవేలితో తోసే బలం ఒకటే అయినా, సిరంజి సన్నదైతే ఆ బలమంతా చిన్న చోట పడుతుంది కాబట్టి లోపల ప్రెషర్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే 2 ఎంఎల్‌తో "తెరుచుకుంటుంది". తెరుచుకోవడమంటే ఏమిటి? గడ్డ కదిలి నరంలోకి పోయి ఉండొచ్చు, లేదా నరం గోడ చిరిగి సెలైన్ పక్క కండలోకి పోతూ ఉండొచ్చు. రెండో రకంలో కూడా సిరంజి హాయిగానే కదులుతుంది! ఆ మంట అదే అయి ఉండొచ్చు. గడ్డ నరంలోకి పోతే గుండె దాటి ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. చిన్నది కాబట్టి చాలాసార్లు ఏమీ కనబడదు. కనబడలేదు కదా అని మంచి పద్ధతి అయిపోదు.

లైన్ పనిచేస్తోందా లేదా అని చూడటానికి 10 ఎంఎల్ సిరంజి వాడు. అందులో 5 ఎంఎల్ నింపుకున్నా చాలు, సైజు ముఖ్యం. గట్టిగా తగిలితే ఆపెయ్. ఆపి, త్రీవే (మూడు దారుల కొళాయి) తిప్పి ఉందా, క్లాంప్ (పైపును నొక్కి మూసే క్లిప్) వేసి ఉందా, మోచెయ్యి మడిచారా, ప్లాస్టర్ కింద క్యాన్యులా వంగిందా అని చూడు. మెల్లగా వెనక్కి లాగి చూడు. రక్తం వస్తే సంతోషం. రాకపోయినా లైన్ పోయిందని కాదు, సన్నని నరాల్లో రాదు. ఇవన్నీ చూశాక కూడా కదలకపోతే లైన్ తీసెయ్యడమే.

చివరిగా ఒక మాట. ఫ్లష్ పైపు కడగడానికే అనుకుంటారు. నా లెక్కలో అది మందు ఎక్కించే ముందు చేసే పరీక్ష. సెలైన్ పక్కకు పోతే వాపు తగ్గిపోతుంది. ఫిట్స్‌కు ఇచ్చే ఫినిటాయిన్ పోతే చెయ్యి నల్లబడొచ్చు.

పాతకాలపు_సిస్టర్

పుస్తకాలు చదివి అందరూ చెప్తారు. మేం 40 బెడ్లకు ఒక్కరమే చూసిన వాళ్లం. వార్డులో 10 ఎంఎల్ సిరంజిలు అయిపోతే ఇండెంట్ వచ్చేదాకా ఏం చేయాలి? రాత్రి రెండు గంటలకు వాంతులు, విరేచనాలతో నరాలన్నీ అణిగిపోయిన ముసలమ్మకు మళ్లీ లైన్ పెట్టడం ఈ చెప్పేవాళ్లను వచ్చి చేయమనండి. ఉన్న లైన్ కాపాడుకోవడం కూడా నర్సింగే.

మాకు చీనీ తోట ఉంది. డ్రిప్పు పైపు మూసుకుపోతే మోటారు ప్రెషర్ పెంచి ఒక్కసారి వదిలితే మట్టంతా కొట్టుకుపోతుంది. అనుభవంతో చేస్తే ఏమీ కాదు.

మేమైతే రక్తం గడ్డకట్టకుండా లైన్‌లో హెపారిన్ వేసి వదిలేవాళ్లం, పొద్దున్నే లైన్ పరుగెత్తేది.

గ్రీన్18

అక్కా, డ్రిప్పు పైపుకు చివర మూత తీసి కదా ప్రెషర్ వదులుతారు? మట్టి చేలో పడుతుంది. ఇక్కడ పైపు చివర మనిషి ఉన్నాడు.

ముసలమ్మ విషయంలో మీతో నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. అందుకే లైన్ బ్లాక్ కాకుండా చూసుకోవాలి అంటున్నా. డోసు అయిన వెంటనే ఫ్లష్ చేస్తే, డోసు లేకపోయినా షిఫ్ట్‌కు ఒకసారి చూసి ఫ్లష్ చేస్తే, సగం లైన్లు రాత్రికి బిగుసుకోవు. మందు ఇచ్చేసి స్టాపర్ (మూత) పెట్టి వెళ్లిపోవడం వల్లే ఈ గొడవంతా.

హెపారిన్ గురించి గట్టిగా చెప్తున్నా, కొత్తవాళ్లు ఎవరూ చదివి మొదలుపెట్టకండి. చేతి మీద పెట్టే మామూలు లైన్‌కు సెలైన్ సరిపోతుంది. మన దగ్గర హెపారిన్ వయల్స్ రెండు రకాలు దొరుకుతాయి. ఎంఎల్‌కు 1000 యూనిట్లది, ఎంఎల్‌కు 5000 యూనిట్లది. రెండూ 5 ఎంఎల్ వయల్సే. రాత్రి నిద్రమత్తులో ఒకటనుకుని ఇంకొకటి లాగితే అయిదు రెట్లు. లాక్ కోసమైతే (లైన్‌లో నింపి మూసి వదలడానికి) దాన్ని ఇంకా ఎంతో పలుచన చేయాలి, ఆ లెక్క ఎవరు వేస్తారు? పైగా కొందరికి హెపారిన్‌తోనే ప్లేట్‌లెట్లు పడిపోతాయి.

బ్రదర్_గుంతకల్లు

క్యాజువాలిటీలో ఉంటాను. ఒక తేడా చెప్పాలి, లేకపోతే "ఫ్లష్ అంటే ఎప్పుడూ మెల్లగా" అని కొత్తవాళ్లు పట్టుకుంటారు.

పత్తి చేల కాలంలో మాకు పురుగుమందు తాగిన కేసులు వస్తూనే ఉంటాయి. దానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ కొన్ని నిమిషాలకొకసారి డోసు రెట్టింపు చేసుకుంటూ పోతాం. ప్రతి డోసు వెనక ఫ్లష్ చేయకపోతే మందు క్యాన్యులాకు తగిలించిన ఎక్స్‌టెన్షన్ పైపులోనే మిగులుతుంది. డాక్టర్ "ఇచ్చారా" అంటే "ఇచ్చాం" అంటాం, గుండె వేగం మాత్రం పెరగదు. ఇంకో డోసు పడితే రెండూ కలిసి లోపలికి పోతాయి.

గుండె విపరీతంగా కొట్టుకుంటే ఇచ్చే అడెనోసిన్ అయితే అసలు వేరు. అది రక్తంలో పది సెకన్లు కూడా నిలవదు. మోచేతి దగ్గర పెద్ద నరంలో లావు క్యాన్యులా ఉండాలి, మందు వెనకే 20 ఎంఎల్ సెలైన్ జోరుగా పోవాలి, చెయ్యి పైకెత్తాలి. మణికట్టు మీద సన్నని నీలం క్యాన్యులాతో ఇస్తే మందు దారిలోనే అయిపోతుంది. అయితే ఇక్కడ కూడా మందు తగిలించే ముందు లైన్ సాఫీగా పోతోందని మెల్లగా చూసుకున్నాకే ఆ జోరు.

బీఎస్సీ_మూడో_ఏడు

మేడమ్, ఒక డౌట్. మాకు క్లాసులో "తోసి ఆగు, తోసి ఆగు" పద్ధతి చెప్పారు. క్లినికల్‌కు వెళ్తే ఎవరూ చేయడం లేదు. ఎన్ని ఎంఎల్ వేయాలో కూడా ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

గ్రీన్18

పెద్దవాళ్లకు 5 నుంచి 10 ఎంఎల్ అని చాలా ఆసుపత్రుల పద్ధతి. అసలు సూత్రం ఏమిటంటే, క్యాన్యులా, దానికి తగిలించిన పైపులు అన్నీ కలిపి లోపల ఎంత పడుతుందో దానికి కనీసం రెండింతలు పోవాలి. క్యాన్యులాలో పట్టేది చుక్కలే, త్రీవే ఎక్స్‌టెన్షన్‌తోనే పెరుగుతుంది. రక్తం తీసినా, రక్తం ఎక్కించినా ఇంకాస్త ఎక్కువ వేయండి.

తోసి ఆగడం అంటే ఒక్కో ఎంఎల్ చొప్పున తోసి క్షణం ఆగి మళ్లీ తోయడం. ల్యాబ్‌లో పైపు గోడకు అంటుకున్నది దీనితో బాగా ఊడుతుందని చూపించారు. పేషెంటు దగ్గర ఎంత తేడా వస్తుందన్నది వాదన. ఖర్చు లేని అలవాటు కాబట్టి నేను చేస్తాను. దానికంటే ముఖ్యమైంది చివరి అర ఎంఎల్. అది పోతుండగానే త్రీవే తిప్పేయాలి, లేదా క్లాంప్ వేయాలి. సిరంజి అడుగుదాకా నొక్కి, ఊడబీకి, ఆ తర్వాత మూస్తే రక్తం వెనక్కి చొరబడి కొనలోనే గడ్డకడుతుంది. మర్నాడు మనమే "లైన్ బ్లాక్" అంటాం.

ఒక్క సెలైన్‌తోనే అన్నీ కుదరవు. ఫంగస్‌కు ఇచ్చే ఆంఫోటెరిసిన్‌కు సెలైన్ తగిలితే విరిగిపోతుంది, దానికి ముందూ వెనకా 5 శాతం డెక్స్‌ట్రోస్. ఫినిటాయిన్‌కు సరిగ్గా తిరగేసి: డెక్స్‌ట్రోస్ పడదు, సెలైన్ మాత్రమే.

పిల్లలవార్డు_కడప

అందరూ పెద్దవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, నేనూ ఒక పేజీ రాస్తాను, భరించండి.

పిల్లలకు పసుపు రంగు, సన్నని 24 సైజు క్యాన్యులా. నెలల బిడ్డకు 10 ఎంఎల్ ఫ్లష్ అంటే అది ఫ్లష్ కాదు, ఫ్లూయిడే. నార్మల్ సెలైన్ 10 ఎంఎల్‌లో 90 మిల్లీగ్రాముల ఉప్పు ఉంటుంది. రోజుకు ఆరేడు మందులు, ఒక్కోదానికి ముందొకటి వెనకొకటి అంటే లెక్క వేసుకోండి. మా దగ్గర పసిబిడ్డకు అర నుంచి ఒక ఎంఎల్, అది కూడా ఇన్‌టేక్ చార్టులో రాయాల్సిందే. పెద్దవాళ్లలోనూ కిడ్నీ, గుండె పేషెంట్లకు రాయడం మంచిది.

ఇక వాపు. బిడ్డ చెయ్యి నొప్పి అని చెప్పదు. ఫ్లష్ చేసినా ఏడుస్తుంది, చేయకపోయినా ఏడుస్తుంది. చెయ్యి కదలకుండా స్ప్లింట్ కట్టి, చుట్టూ ప్లాస్టర్ చుట్టేస్తే వేళ్లు తప్ప ఏమీ కనబడవు. నేను రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తాను. లావులో తేడా, చల్లగా ఉండటం, చర్మం బిగుతుగా మెరవడం ఇవే గుర్తులు. క్యాన్యులా కొన ఉన్న చోటు కనబడేలా పారదర్శకమైన డ్రెస్సింగ్ వేయండి. అది లేకపోతే కనీసం కొన మీద తెల్ల ప్లాస్టర్ అడ్డం వేయకండి. ఏప్రిల్, మే నెలల్లో మా వార్డులో చెమటకే ప్లాస్టర్లు ఊడిపోతాయి. ఊడింది కదా అని పాతదాని మీదే ఇంకో మూడు పొరలు అంటిస్తారు. అలా అంటించిన చోట కింద ఏం జరుగుతోందో దేవుడికే తెలియాలి.

గాలి బుడగ గురించి. పెద్దవాళ్లకు చేతి లైన్‌లో చిన్న బుడగ పోతే సాధారణంగా ఏమీ కాదు, అటెండర్లు కంగారు పడతారు కానీ. గుండెలో రంధ్రం ఉన్న బిడ్డలో అలా కాదు. బుడగ కుడి నుంచి ఎడమకు దాటితే మెదడుకు పోవచ్చు. అందుకే మా దగ్గర సిరంజిలో ఒక్క బుడగ ఉన్నా వేలితో కొట్టి తీసేస్తాం.

సెఫ్‌ట్రియాక్సోన్, కాల్షియం ఒకే లైన్‌లో కలవకూడదు, తెల్లగా గడ్డలు కడుతుంది. డ్రిప్‌గా ఎక్కించే రింగర్ లాక్టేట్‌లో కాల్షియం ఉంటుందని చాలామందికి గుర్తుండదు. పెద్దవాళ్లలో ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వాల్సి వస్తే మధ్యలో బాగా ఫ్లష్. అప్పుడే పుట్టిన బిడ్డలకైతే ఫ్లష్ చేసి కూడా ఇవ్వకూడదు, కాల్షియం ఎక్కుతోందంటే ఆ యాంటీబయాటిక్ వద్దనే.

ప్రొద్దుటూరు_వాసి

నేను నర్సును కాదు, మా నాయన ఆసుపత్రిలో ఉంటే వెతుకుతూ ఇక్కడికొచ్చినా. ఏందమ్మా, మీరు మందుకు ముందు నీళ్లు, మందు తర్వాత నీళ్లు ఎక్కిస్తారు, బిల్లులో సిరంజిలు లెక్కకు మించి పడుతుండాయి. మా నాయన ఏమో సూది వేసినప్పుడల్లా నోట్లో ఉప్పగా, అదో రకం వాసన వస్తాందంటాడు. అది ఏమన్నా చెడ్డదా?

గ్రీన్18

చెడ్డది కాదు అన్నా. నీళ్లు కాదది, సెలైన్. కొందరికి ఫ్లష్ చేసినప్పుడు నోట్లో రుచి, ముక్కుకు వాసన తెలుస్తాయి, ముఖ్యంగా ముందే నింపి వచ్చే సిరంజిలతో. వెంటనే పోతుంది. చేతి దగ్గర మంట, బిగుతు, వాపు, ఎర్రటి గీత ఉంటే మాత్రం సిస్టర్‌ను పిలవండి. సిరంజిలు ఎక్కువ పడుతున్నాయంటే ఒకరకంగా మంచిదే, మీ నాయనకు వేరేవాళ్లది వాడటం లేదన్నమాట.

పాతకాలపు_సిస్టర్

ఆ బాటిల్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇందులో నేను ఆ కొత్తమ్మాయి పక్షమే. మూతకు సూది గుచ్చి వదిలేయడం నాకు మొదటినుంచీ నచ్చదు. అది బాటిల్‌కు తలుపు తీసి పెట్టడమే. ఎవరో ఒకరు లైన్‌కు తగిలించిన సిరంజితోనే మళ్లీ లాగుతారు. రక్తం కంటికి కనబడకపోయినా సిరంజి మొదట్లో ఉంటుంది. హెపటైటిస్ బి, సి ఇట్లాగే పాకుతాయి. సూది మార్చినా సిరంజి అదే అయితే లాభం లేదు.

బ్రదర్_గుంతకల్లు

అక్క కరెక్ట్. సెలైన్‌లో క్రిములను చంపే మందేమీ ఉండదు. ఉదయం ఏడింటికి ఒక్కటి దూరినా, కర్నూలు ఎండలో ట్రాలీ మీద మధ్యాహ్నానికి ఎన్నవుతాయో చెప్పక్కర్లేదు. ఒక పేషెంటుకు ఒక 10 ఎంఎల్ సెలైన్ ప్లాస్టిక్ ఆంపౌల్ (ఒక్కసారికే వాడే చిన్న సీసా), మిగిలింది పారేయడం. అదే పద్ధతి.

కానీ ఆ ఆంపౌల్స్‌తో ఇంకో గండం ఉంది. పొటాషియం క్లోరైడ్ కూడా 10 ఎంఎల్ ప్లాస్టిక్ ఆంపౌల్‌లోనే వస్తుంది. డిస్టిల్డ్ వాటర్ కూడా అంతే. మూడూ తెల్లగా, మూడూ ఒకే ట్రేలో. ఎంఎల్‌కు 2 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియాన్ని సెలైన్ అనుకుని ఫ్లష్ చేస్తే గుండె ఆగిపోవచ్చు. వార్డు ట్రాలీ మీద పొటాషియం ఉండకూడదు. వేరే అల్మరా, ఎర్ర లేబుల్, తాళం.

ఓటీ_టెక్నీషియన్

మా వైపు నుంచి ఒకటి. ఆపరేషన్ అయ్యాక థియేటర్ నుంచి వచ్చిన లైన్‌ను వార్డులో మొదటిసారి ఫ్లష్ చేసేటప్పుడు జాగ్రత్త. త్రీవే మూలల్లో, పోర్టులో మత్తుమందు, కండరాలు సడలించే మందు కొంచెం మిగిలి ఉండొచ్చు. వార్డులో యాంటీబయాటిక్ కోసం ఫ్లష్ చేస్తే అది లోపలికి పోయి, మెలకువగా ఉన్న మనిషికి ఊపిరి ఆగుతుంది. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ దీని మీద 2014లో అన్ని ఆసుపత్రులకూ హెచ్చరిక పంపింది. రికవరీ గది దాటక ముందే అన్ని లైన్లూ ఫ్లష్ చేసి పంపడం మా బాధ్యత. మీరు హ్యాండోవర్‌లో "లైన్ ఫ్లష్ చేశారా?" అని అడగండి. అడిగితే మావాళ్లలో కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. జవాబు సరిగా రాకపోతే ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ దగ్గర పెట్టుకుని, మనిషి ఊపిరి చూస్తూ మెల్లగా ఫ్లష్ చేయండి.

మోడరేటర్

పేషెంట్ల చేతుల ఫొటోలు పెట్టకండి, రెండు తీసేశాను. ఆసుపత్రుల పేర్లు కూడా వద్దు. చర్చ బాగుంది, కొనసాగించండి.

కొత్త_స్టాఫ్_కర్నూలు

అందరికీ చాలా థాంక్స్. మా ఇన్‌ఛార్జ్ మేడమ్‌తో మాట్లాడాను. మొదట "ఖర్చు ఎవరు పెడతారు" అన్నారు. ఒకరి ఇన్‌ఫెక్షన్ ఇంకొకరికి పాకితే అయ్యే ఖర్చు గురించి చెప్తే కొంచెం ఆలోచించారు. పేషెంటుకొక ఆంపౌల్ చొప్పున తెప్పించడానికి ఒప్పుకున్నారు, ముందు మెడికల్ వార్డుకు మాత్రమే. 10 ఎంఎల్ సిరంజిలు కూడా.

ఇంకా రెండు డౌట్లు. మా దగ్గర క్యాన్యులా పైన రంగు మూత ఉన్న పోర్టులోంచే మందులిస్తాం. ఫ్లష్ కూడా అక్కడినుంచే చేయొచ్చా? స్పిరిట్ కాటన్‌తో ఎంతసేపు తుడవాలి? రెండోది, రికార్డులో ఏం రాయాలి?

గ్రీన్18

పైన ఉన్న ఆ పోర్టు నాకు ఇష్టం ఉండదు. మూత తీస్తే లోపలి అంచు తుడవడానికి వీలుండదు, తీసిన మూత మంచం మీదే పడుతుంది. ఎక్స్‌టెన్షన్‌తో త్రీవే పెట్టి, దాని పక్క దారిలోంచి ఇవ్వడం మేలు. సూది లేని కనెక్టర్ దొరికితే ఇంకా మేలు. 70 శాతం ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. ఊదకూడదు! గిన్నెలో పొద్దున నానబెట్టిన దూదితో కాదు. త్రీవే స్టాపర్ కింద పడితే కొత్తది పెట్టాలి, తుడిచి పెట్టడం కాదు.

రికార్డులో పెద్ద వ్యాసం అక్కర్లేదు. టైము, ఎంత సెలైన్, సాఫీగా పోయిందా, చోటు ఎలా ఉంది. విప్ స్కోర్ (క్యాన్యులా చోట నొప్పి, ఎరుపు, వాపు చూసి వేసే అంకె) నేర్చుకుంటే ఒక్క అంకెతో అయిపోతుంది. సున్నా అంటే బాగుంది, ఒకటైతే కనిపెట్టుకుని ఉండాలి, రెండు వస్తే లైన్ మార్చాలి. "గట్టిగా తగిలింది, తోయలేదు, డాక్టర్‌కు చెప్పాను" అని టైముతో రాసి ఉంటే నీమీదికి ఎవరూ రాలేరు. ఫ్లష్ ఆర్డర్ గురించి, ప్రతి కేస్ షీటులో రాయమని అడిగే బదులు వార్డుకు ఒక ప్రోటోకాల్ మీద మీ మెడికల్ సూపరింటెండెంట్‌తో సంతకం చేయించండి.

పిల్లలవార్డు_కడప

అవసరం లేని లైన్ తీసేయమని డాక్టర్‌కు గుర్తు చేయడం కూడా రాసుకో. మాత్రలకు మారిన తర్వాత కూడా "ఉండనీ, ఎందుకైనా మంచిది" అని రోజుల తరబడి ఉంచుతారు. ఎవరూ ఫ్లష్ చేయరు, ఎవరూ చూడరు. ఎర్రబడేది అవే. వాడిన సూదులు తెల్ల డబ్బాలో, తీసిన క్యాన్యులా ఎర్ర సంచిలో.

పాతకాలపు_సిస్టర్

ఏమ్మా కొత్తమ్మాయ్, ఆంపౌల్స్ వచ్చాయా? వచ్చిన పెట్టె తెరిచి, పేరు పెద్ద అక్షరాలతో ఉందో లేదో నువ్వే చూసుకో. రాత్రి దీపం వెలుగులో చదవగలగాలి. లేకపోతే వెనక్కి పంపి వేరే కంపెనీది అడగమను.

కొత్త_స్టాఫ్_కర్నూలు

వచ్చాయి అక్కా. అక్షరాలు చిన్నవే, పొటాషియం ఆంపౌల్ పక్కన పెట్టి చూస్తే భయమేసింది. మార్చమని స్టోర్స్‌కు చెప్పాం. అప్పటిదాకా పొటాషియాన్ని స్టాఫ్ రూమ్ అల్మరాలోకి మార్చి తాళం వేశాం. కానీ రాత్రి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? నా దగ్గర ఒక్కదాని దగ్గరే ఉంటే మళ్లీ నేనే తీసి నేనే కలపాలి కదా.

బ్రదర్_గుంతకల్లు

తాళంచెవి నీ దగ్గరే ఉండనీ. తీసేటప్పుడు మాత్రం డ్యూటీ డాక్టర్‌కు ఆంపౌల్ చూపించి, పేరు పైకి చదివి, రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకం పెట్టండి. మా దగ్గర అలాగే నడుస్తోంది.